పిల్లలకోడి లెక్క

దుర్భిణి మొదటిసారి చేతికి తీసుకున్నవాళ్ళు అడిగే ప్రశ్న ఒకటే: ముందు ఏం చూడాలి? మా అపార్ట్‌మెంటు మేడ మీదికి ఆదివారం సాయంత్రాలు చేరే పిల్లలైనా అంతే, వాళ్ళను పిలుచుకుపోదామని వచ్చి తామూ మెడలెత్తి నిలబడిపోయే తల్లిదండ్రులైనా అంతే. తిరువళ్ళూరు బడిలో ఉద్యోగకాలమంతా సైన్సు పాఠాలు చెప్పినదాన్ని కాబట్టి నా దగ్గర జవాబు సిద్ధంగా ఉంటుంది. ముందు చంద్రుణ్ణి చూడండి అంటాను, అదీ పున్నమి నాడు కాదు, సగమున్న నాడు. వెలుగు ఆగి చీకటి మొదలయ్యే గీత దగ్గర గుంతల నీడలు ఎంత పొడుగ్గా పడతాయో అప్పుడే తెలుస్తుంది. తర్వాత గురుగ్రహం. మోచేతులు పిట్టగోడకు ఆనించి, ఊపిరి బిగబట్టి చూస్తే దాని పక్కన ఒకే వరసలో మూడో నాలుగో సన్న చుక్కలు కనబడతాయి. అవి దాని చందమామలు. వేసవిలో అయితే మంచంకోళ్ళు, అంటే సప్తర్షులు. వాటి తోకలో నడిమి చుక్కను ఆనుకొని ఉన్న అరుంధతిని చూపించినప్పుడు పెళ్ళయినవాళ్ళందరూ నవ్వుతారు, పట్టపగలు చూశామని పురోహితుడితో చెప్పి వచ్చినవాళ్ళే గనక. చలికాలంలో గొల్లకావడి, ఆ మూడు చుక్కల కింద వేలాడే పొగలాంటి మరక. కొత్త నక్షత్రాలు పుట్టే చోటు అది. ఈ వరసంతా అరవంలో రాసి జిరాక్సు తీయించి పంచుతుంటాను, ఇక్కడి పిల్లలకు తెలుగు మాట్లాడటం వచ్చుగాని చదవటం రాదు. అయితే ఏ పుస్తకం తెరిచినా మొదటి పేజీల్లోనే ఉండేదాన్ని, ఉత్త కంటితో చూసినా ఇట్టే దొరికేదాన్ని, నా జాబితాలో అట్టడుగున పెట్టాను. చాలా ఆదివారాలు అక్కడిదాకా రాకుండానే పిల్లల్ని కిందికి పంపేస్తాను. అవి కృత్తికలు. మా పల్లెలో వాటి పేరు పిల్లలకోడి.

పోయిన కార్తీకంలో మా అక్క కస్తూరి కంటి ఆపరేషనుకని ఆరణి నుంచి వచ్చి మా ఇంట్లో పది రోజులు ఉంది. నాకంటే మూడేళ్ళు పెద్దది. నడుం ఇంకా వంగలేదు, మాట ఇంకా తగ్గలేదు, కూర మూత తీయకుండానే వాసన పట్టి ఉప్పు చాలలేదని చెప్పగలదు. కళ్ళే మోసం చేశాయి. రెండింటిలోనూ శుక్లాలు ముదిరిపోయి, "పాలల్లోనించి చూసినట్టుండాది మే" అని ఫోనులో చెప్పేది. ముందు ఎడమ కంటికి ఆపరేషను చేసి, దానిమీద చిల్లుల మూత ఒకటి అంటించి పంపారు. మూడో రోజు ఆదివారం. నేను దుర్భిణి సంచి భుజాన వేసుకుంటుంటే తానూ వస్తానంది. మా కోడలు నిత్య అడ్డం పడింది, మెట్లు ఎక్కకూడదని. "వంగొద్దన్నాడు డాక్టరు, అంతే కదా. చుక్కల్ని వంగి చూసేవాళ్ళు యాడన్నా ఉండారా?" అని అక్క లేచి నిలబడింది. ఆ మాటకు మేమిద్దరం నవ్వాం, అదే ఆమె గెలుపు.

మేడ మీద కుర్చీ వేసి కూర్చోబెట్టి, నా పాఠం నేను మొదలుపెట్టాను. చంద్రుడు లేని సాయంత్రం. శనిగ్రహం ఎక్కడుందో చూపించాను, గురుడు ఎప్పుడు లేస్తాడో చెప్పాను. ఇంతలో ఒక పిల్ల తూర్పుకు చెయ్యి చాపి, అక్కడ చుక్కలన్నీ ముద్దగా ఉన్నాయే, అదేమిటి పాటీ అని అరవంలో అడిగింది. అవ్వను అరవంలో పాటి అంటారు. నేను ఎప్పటిలాగే, అది తర్వాత చూద్దాంలే అన్నాను. వెనక చీకట్లోంచి అక్క గొంతు వచ్చింది. "తర్వాతెందుకు? తూర్పున ముద్దగా ఉండాదంటే పిల్లలకోడే కదా మే. ఆ బిడ్డకు చూపించు." చూపు లేని మనిషి దిక్కునుబట్టి, నెలనుబట్టి కనిపెట్టేసింది. నేను దుర్భిణి ఆ పిల్ల చేతికిచ్చి పక్కకు జరిగాను. ఆ పిల్ల చూసి ఒక్క కేక వేసింది, మిగతావాళ్ళంతా ఎగబడ్డారు. ఒకడు ముప్పై అన్నాడు, ఒకతె నలభై అంది. ఎవరి లెక్క వాళ్ళు అరుస్తుంటే వాళ్ళను తప్పుపట్టేవాళ్ళెవరూ అక్కడ లేరు. నా మనసు మాత్రం మా ఇంటి ముంగిట్లోకి, తాత ముందుకి వెళ్ళిపోయింది.

మా పల్లె ఊత్తుకోట పోయే దారికి కాస్త లోపలగా ఉండేది. చెరువు కింద వరి, మెరక మీద వేరుశనగ. మా వాళ్ళు ఏ రాయల కాలంలోనో ఇటు వచ్చారని తాత చెప్పేవాడు. దానికి రుజువేమిటంటే మన నాలుకే అనేవాడు. బడిలో అరవం, సంతలో అరవం, గడప దాటి లోపలికొస్తే తెలుగు. సాయంత్రం ఇసుక పరిచి వేలుతో అచ్చులు దిద్దించింది ఆయనే. నేనీ నాలుగు పేజీలు రాయగలుగుతున్నానంటే ఆ ఇసుక చలవే. ఇంట్లో గడియారం లేదు, ఆ మాటకొస్తే మా వీధిలోనే లేదు. తాతే గడియారం. చెరువు నీళ్ళు రైతులకు వంతుల ప్రకారం వచ్చేవి, పగటి వంతులకు నీడ కొలత, రాత్రి వంతులకు చుక్కల కొలత. గొల్లకావడి తాటితోపు మీదికొస్తే ఒకరి వంతు అయిపోయినట్టు, పిల్లలకోడి నడినెత్తికొస్తే ఇంకొకరిది మొదలైనట్టు. అది చూసి, "మడవ మార్చండ్రా" అని కాలవగట్టు మీదినుంచి కేకేసే పెత్తనం మా తాతది, ఆయన తండ్రినుంచి వచ్చింది. ఆ కేక పడితే ఒకరి పొలానికి నీళ్ళు ఆపి ఇంకొకరి పొలానికి వదలాల్సిందే. నీళ్ళ దగ్గర తలలు పగలగొట్టుకునే మనుషులు కూడా ఆ కేకను కాదనగా నేను వినలేదు.

తెల్లవారకముందే మా ఇల్లు లేచేది. ముందు తాత దగ్గు, తర్వాత అవ్వ గాజుల చప్పుడు, ఆ తర్వాత పేడనీళ్ళ కళ్ళాపి వాసన. పొయ్యిలో వేరుశనగ పొట్టు వేసి ఊదేది అమ్మ, ఆ పొగకు ఒక తీపి వాసన ఉండేది, ఇప్పటికీ ఎక్కడైనా తగిలితే కాళ్ళు ఆగిపోతాయి. అక్క తాతతోబాటే లేచి ఆయన వెంట కాలవగట్టుకు పోయేది. అందరికంటే చివర లేచేది నేను. లేచినా మంచం మీదే పడుకొని ఉంటే, తిరిగివచ్చిన అక్క నా పక్కన చేరి పైకి చూపించేది. "అదో, అది కోడి. చుట్టూ పిల్లలు. ఎదురుగా చూడొద్దు మే, ఎదురుగా చూస్తే దాంకుంటాయి. రవ్వంత పక్కకి చూడు, అప్పుడు బయటికొస్తాయి." దుర్భిణి పట్టినవాళ్ళందరూ నేర్చుకోవాల్సిన మొదటి పాఠం ఇది. మసక వస్తువును చూడాలంటే దాని పక్కన చూడాలి. పెద్ద చదువులు చదివాక పుస్తకంలో ఈ ముక్క చదివి నేను కుర్చీలో నిటారుగా కూర్చున్నాను, ఎందుకంటే పన్నెండేళ్ళ మా అక్క దీన్ని ఎవరూ చెప్పకుండానే కనిపెట్టింది. అప్పుడు మాత్రం నేను ఎదురుగా చూసినా పక్కకు చూసినా నాకు కనబడేది ఒక తెల్లటి మసక, అంతే. దూరంగా ఉన్నవాటికి అంచులుండవనీ, అందరికీ అట్లాగే కనబడుతుందనీ అనుకునేదాన్ని. చంద్రుడు కూడా నాకు ఊదిన అప్పడమంత ఉండేవాడు. నా కళ్ళలో లోపముందని నాకు తెలియదు, తెలియదు గనక ఎవరికీ చెప్పలేదు.

ఆషాఢంలో వచ్చే ఆడి కృత్తికకు మా ఇంటినుంచి తిరుత్తణికి కావడి పోయేది. సుబ్రహ్మణ్యస్వామిని పెంచింది ఆరుగురు కృత్తికమ్మలని మీకు తెలుసు, ఆ చుక్కలే ఆ తల్లులు. వెదురు వంచి కట్టి, పసుపు గుడ్డ చుట్టి, నెమలి ఈకలు గుచ్చి, రెండు పక్కలా పూలహారాలు వేలాడదీసిన పూలకావడి. వారం రోజులు ఒంటిపూట భోజనం, నేలమీద పడక. ఇదంతా ఎవరింట్లోనైనా ఉన్నదే. మా ఇంట్లో మాత్రం ఇంకొకటి ఉండేది. బయలుదేరే నాటి తెల్లవారుజామున కావడి ఎత్తే ప్రతి మనిషీ తలంటు పోసుకొని, తడిబట్టతో ముంగిట్లో తాత పక్కన నిలబడి, ఆ చుక్కల్ని కంటితో చూసి లెక్క చెప్పాలి. తల్లుల్ని చూడకుండా బిడ్డ దగ్గరికి పోకూడదట. "ఎన్నుండాయి?" అని తాత అడుగుతాడు. "ఆరు" అనాలి. అప్పుడు అవ్వ నొసట విభూతి పెట్టి భుజం మీద పసుపు తువ్వాలు వేస్తుంది. మా నాయన ఆరన్నాడు, వాళ్ళ నాయనా ఆరన్నాడు. ఆ చుక్కలు ఆరు అన్నది ఇంట్లో ఉప్పుకీ చింతపండుకీ చోటున్నట్టు స్థిరమైపోయిన సంగతి. ఇందులో ఉన్న చిక్కు మా వాళ్ళకెవరికీ ఎప్పుడూ తట్టలేదు. జవాబు ముందే తెలిసినవాణ్ణి చూడమంటే వాడు చూడనక్కర్లేదు గదా.

పిల్లలకు చిన్న కావడి ఒకటి ఉండేది. మా ఇద్దరికీ అమ్మవారు పోసి తగ్గినప్పుడు అవ్వ మొక్కుకున్న కావడి అది. ఏడాదికొకరు ఎత్తాలి, ఆ ఏడు అక్క వంతు. దానికోసం నెల ముందునుంచి ఆమె పడిన తంటాలు చెబితే తీరేవి కావు. రాలిన నెమలి ఈకలు దొరుకుతాయని పొద్దున్నే మామిడితోపుల వెంట తిరిగేది. వెదురుబద్దను చింతపండుతో తోమి ఎండబెట్టింది. పూలు గుచ్చే దారం తానే పేనింది. రాత్రి పడుకోబోతూ ఉత్త భుజాన్ని అటూ ఇటూ ఊపుతూ కావడి ఆడించే నడక నేర్చుకునేది. నేను నవ్వితే, "నవ్వు నవ్వు, కొండమీద చూద్దువులే" అనేది.

ఆ తెల్లవారుజాము నాకు బాగా గుర్తుంది. వాకిట్లో లాంతరు, తడిబట్టల చలి, బండి కట్టటానికి తోలుకొచ్చిన ఎద్దుల వాసన. తూర్పున సన్నబడిన చంద్రుడు. ఆడి కృత్తిక అంటేనే చంద్రుడు ఆ చుక్కల దగ్గర చేరే రోజు, ఆ వెలుతురులో చుక్కలు వెలవెలబోతాయి. నాయన నిలబడి ఆరన్నాడు. చిన్నాయన ఆరన్నాడు. తర్వాత అక్క వచ్చి నిలబడింది. ఆమె తల ఎత్తింది, కాస్త పక్కకు తిప్పింది. అందరికంటే ఎక్కువసేపు చూసింది.

"ఎన్నుండాయి?" అన్నాడు తాత.

"ఈ పొద్దు ఏడు తాతా. చంద్రుడు దగ్గరకొచ్చినాడు కదా, ఆ ఎలుతురుకు చిన్నవి కనపడలేదు. పదైదు దినాల ముందర తొమ్మిదుండె."

ఎద్దు ఒకటి తలాడించి మెడగంట మోగింది. తాత గొంతు తగ్గించి, "సరింగా చూడు" అన్నాడు. ఆమె మళ్ళీ చూసి, మళ్ళీ ఏడే అంది. వేలు చూపించి, "అదో ఆ మూలది, దాని పక్కన సన్నంగా ఇంకొకటి..." అనబోయింది.

"స్వామికి ఆరుమంది తల్లులు. ఏడో తల్లి యాడనించి వచ్చింది?" అని తాత గట్టిగా అరిచాడు. "తొమ్మిదంట తొమ్మిది! పూనుకోని అబద్దాలాడే పిల్ల కావడి ఎత్తకూడదు."

తర్వాత నా వైపు తిరిగాడు. నేనప్పుడు తొమ్మిదేళ్ళదాన్ని. తల ఎత్తాను. చంద్రుడి ఊదిన వెలుగు తప్ప నాకక్కడ ఏమీ లేదు, ఒక్కటంటే ఒక్క చుక్క లేదు. "ఆరు" అన్నాను. తాత నా తలమీద చెయ్యి పెట్టాడు. అవ్వ అక్క భుజం మీదికి తెచ్చిన తువ్వాలు నా భుజం మీద వేసింది. నాకు భయం వేసిందనీ, అక్క మొహం చూడలేకపోయాననీ రాస్తే బాగుంటుంది. నిజం చెప్పాలంటే నాకు సంతోషం వేసింది. కావడి నాది. అక్క ఏడవలేదు. నా ఎత్తు తక్కువ గనక హారాలు నేలకు తగులుతాయని, కూర్చొని వాటిని పైకి ముడివేసింది.

తిరువళ్ళూరుదాకా బండి, అక్కడినుంచి రైలు. తిరుత్తణిలో దిగేసరికి మధ్యాహ్నం దాటింది. పసుపుబట్టలు, కర్పూరం, నలిగిన చామంతులు, చెమట, అన్నీ కలిసిన వాసన. అరోహరా అని ఒక గుంపు అంటే ఇంకో గుంపు అందుకునేది. కొండ మొదట చేరేసరికి వెలుగు తగ్గింది. ఏడాదికెన్ని రోజులో ఆ కొండకు అన్ని మెట్లు అంటారు. మసక వెలుతురులో, జనం కాళ్ళ మధ్య, అవి నాకు మెట్లుగా కనబడటం మానేసి ఒక బూడిదరంగు వాలుగా మారిపోయాయి. మొదటి మలుపు దగ్గరే తొట్రుపడ్డాను. నాయనా చిన్నాయనా తమ కావడులతో ముందు పోయారు, అవ్వ వెనకెక్కడో ఉంది. అప్పుడు నా మోచెయ్యిని ఒక చెయ్యి పట్టుకుంది. "మెట్టు" అంది అక్క, నా చెవి దగ్గర. నేను కాలెత్తాను. "మెట్టు." మళ్ళీ ఎత్తాను. "ఇప్పుడు చదును, రెండడుగులు. మెట్టు." కొండ పైదాకా అదే మాట. ఆమె గొంతు ఎండిపోయి చివరికి ఆ మాట గాలిలా వచ్చేది. పైన కావడి దించాక అవ్వ రొప్పుతూ వచ్చి నా మొహం తుడిచి, "ఇంత చీకట్లో ఎట్లెక్కినావు నా తల్లే" అంది. "ఒక్కదాన్నే ఎక్కినా" అన్నాను. అవ్వ నా బుగ్గలకు చేతులాన్చి మెటికలు విరిచింది.

ఊరికి తిరిగొచ్చాక అక్కకు తొమ్మిదమ్మ అని పేరు పడింది. మొదట చిన్నాయన పిలిచాడు వేళాకోళానికి, తర్వాత ఊరంతా. ఆమె ఏం చెప్పినా, బర్రె ఈనేట్టుందనో చెరువుగట్టు నెర్రె విచ్చిందనో, "తొమ్మిదమ్మ చెప్పిందా?" అని నవ్వేవాళ్ళు. మరుసటి ఏడు ఆమె ఎనిమిదో తరగతి ముగించింది. లెక్కల మాస్టారు మా ఇంటికొచ్చి, ఈ పిల్లను ఊత్తుకోట హైస్కూలుకు పంపండి, లెక్కల్లో ఇట్లాంటి పిల్లను చూడలేదని చెప్పాడు. తాత నవ్వి, "ఆరు చుక్కలు లెక్కపెట్టలేనిదానికి లెక్కలా అయ్యవారూ" అన్నాడు. అక్క చదువు అక్కడితో ఆగింది. మూడేళ్ళకు అదే హైస్కూలుకు నన్ను పంపారు. పదో తరగతిలో ఒక టీచరమ్మ నేను బోర్డు చూడలేకపోతున్నానని గమనించి నాయనకు కబురు పంపింది. కళ్ళద్దాలు వచ్చాయి. బస్సులో ఇంటికొస్తూ చింతచెట్టుకు వేరు వేరు ఆకులుండటం చూసి నేను అదేపనిగా ఏడ్చాను. ఆ సాయంత్రమే మిద్దె ఎక్కాను. చలికాలం, కోడి తూర్పున పైకి లేచి ఉంది. రవ్వంత పక్కకు చూశాను. ఎనిమిది. మళ్ళీ లెక్కపెట్టాను, ఎనిమిదే, తొమ్మిదోది ఉందా లేదా అన్నట్టు మెరుస్తోంది. అక్క అప్పటికి పెళ్ళై ఆరణి వెళ్ళిపోయింది. తాత కింద వాకిట్లోనే మంచం మీద కూర్చొని ఉన్నాడు. దిగివెళ్ళి, తాతా అక్క చెప్పిందే నిజం అని ఒక్క మాట అనటానికి నాకు అన్ని మెట్లూ అడ్డం వచ్చాయి. అక్క తప్పు కాదంటే, ఆరు అన్న నేనేం చూసినట్టు? ఆ మాట ఆయన పోయేదాకా అనలేదు. తర్వాత అనటానికి ఎవరూ మిగలలేదు, అక్క తప్ప.

ఇప్పుడు మా పల్లె చెరువు కింద మడవ మార్చండ్రా అని అరిచేవాళ్ళు లేరు, ఎవరి బోరు వాళ్ళది, మీట నొక్కితే నీళ్ళు. తిరువళ్ళూరులో తూర్పు దిక్కు రాత్రంతా నారింజరంగులో ఉంటుంది, అది చెన్నపట్నం వెలుగు. మా వాకిట్లో కనబడిన పాలవెల్లి ఈ పిల్లలు చూడలేదు, నేను చెబితే మర్యాదకు తలాడిస్తారు. అయినా పాత ఆకాశమే మేలని నేను అనలేను. అంత ఆకాశం ఉండీ నాకు కనబడింది మసకే. ఇవాళ మేడ మీదికొచ్చే పిల్లల్లో సగం మందికి అయిదేళ్ళకే కళ్ళద్దాలున్నాయి. ఒకడు ముప్పై అంటే ఇంకొకతె నలభై అంటుంది, ఎవరి కావడీ ఎవరూ లాక్కోరు. ఇది కూడా నేను చూసిన మార్పే.

ఆ ఆదివారం పిల్లలు వెళ్ళిపోయాక మేమిద్దరమే మిగిలాం. నేను దుర్భిణి తుడుస్తూ, తుడవాల్సినదానికంటే ఎక్కువసేపు తుడుస్తూ, "అక్కా, ఆ పొద్దు నాకు ఒక్క చుక్క కూడా కనపడలేదు" అన్నాను. ఎప్పటి సంగతని ఆమె అడగలేదు.

"తెలుసు మే. గడపకాడ నిలబడినోళ్ళు ఎవురో పోల్చుకోలేవు, నీకు చుక్కలు యాడ కనపడతాయి? కొండ మీద మెట్టు మెట్టని ఊరికేనా చెప్పినా?"

"నా ఆరు వల్ల నీ చదువు పోయింది."

"నీ ఆరుకు అంత బలం లేదులే" అంది. "తాతకే కనపడలేదు, సుగుణా. అప్పటికి రెండేండ్లుగా ఆయన కండ్లల్లో పాలు కమ్మినాయి, ఇప్పుడు నాకు కమ్మినట్టే. గట్టు మీద నేను చెవిలో చెప్తే ఆయన కేకేసేది. తాతా, కోడి నెత్తికొచ్చింది అంటే, మడవ మార్చండ్రా అనేది. ఆ పొద్దు గూడా ఆయన చూసింది వేపచెట్టు పక్క. కోడి ఉండింది ఈ పక్క."

మరి తెలిసీ నిన్నెందుకు అట్లా అన్నాడు అని అడిగాను.

"నేను తొమ్మిదంటే అందురూ ఏం చేస్తారు? తాతా, నువ్వు చూసి చెప్పు అని ఆయన తట్టు తిరుగుతారు. ఆరంటే అడిగేవాళ్ళు లేరు. ఆయన భయం ఆయనది. హైస్కూలుకు పంపితే రాత్రిపూట ఆయనకు కండ్లెవురు? దానికీ నీ ఆరుకూ సంబంధమే లేదు."

"ఎవరికీ చెప్పాలనిపించలేదా నీకు?"

"చెప్పింటే నీళ్ళ పెత్తనం పోయుండేది. అది పోతే ఆ మనిషి ఉండడు." ఆమె చేతులు ఒళ్ళో పెట్టుకొని కూర్చుంది. నా గుండెలోని బరువు దిగాలి కదా, దిగలేదు. ఆ చదువు పోయిన కారణం మారింది, పోయిన చదువు పోయినట్టే ఉంది. ఆమె మళ్ళీ మాట్లాడింది, గొంతు తగ్గించి. "నాకు కడుపులో ఉండిపోయింది అది కాదు మే. పైన కావడి దించినాక అవ్వ ఎట్లెక్కినావని అడిగె. ఒక్కదాన్నే ఎక్కినా అన్నావు నువ్వు. నేను నీ పక్కనే ఉండా. నీ మోచెయ్యి ఇంకా నా చేతిలోనే ఉండాది."

ఆ మాట నేను మరిచిపోలేదు. ఇన్నేళ్ళలో నా తప్పులన్నీ ఏరి పక్కన పెట్టుకున్నాను, దీన్ని మాత్రం వాటిలో చేర్చలేదు, అంతే. అక్క చెయ్యి పట్టుకున్నాను. ఆమె నా చెయ్యి తట్టి, ఏదో పిల్లతో మాట్లాడినట్టు, "సరే, ఇప్పుడు చెప్పు. ఎన్నుండాయి?" అంది.

కళ్ళద్దాలు కొంగుతో తుడిచి పెట్టుకున్నాను. దుర్భిణి ముట్టుకోలేదు. తల ఎత్తి, రవ్వంత పక్కకు చూశాను. పట్నం వెలుగులోంచి ఒక్కొక్కటీ మెల్లగా వచ్చాయి. చాలాసేపు చూశాను.

"ఐదు" అన్నాను.

"ఐదేనా?"

"ఐదే అక్కా. ఆరోది నాకు కనపడలేదు."

"తాత ఉండింటే నీకూ కావడి లేదు పో" అని నవ్వింది. నవ్వుతూనే లేవబోయి కుర్చీ చెయ్యికోసం వెతుక్కుంది.

మేడ మెట్ల మీద బల్బు పోయి వారమైంది. నేను ఒక మెట్టు కింద నిలబడి ఆమె మోచెయ్యి పట్టుకున్నాను. "మెట్టు" అన్నాను. ఆమె కాలు కిందికి దించింది. "మెట్టు." "ఇక్కడ చదును, మూడడుగులు. మెట్టు." రెండు అంతస్తులు అట్లాగే దిగాం. చప్పుడు విని నిత్య తలుపు తీసి, ఫోను లైటు మా మీదికి పట్టి, "అయ్యో, ఇంత చీకట్లో ఎట్లా దిగినారు పెద్దత్తా?" అంది కంగారుగా.

"నేనొక్కదాన్నే యాడ దిగినా పాపా?" అంది అక్క. "ఇదో, మా చెల్లెలు పట్టుకోని దించింది."

ఆమె మోచెయ్యి ఇంకా నా చేతిలోనే ఉంది.